నిలబడి పోయాల్సిన మక్కలు

ఆర్మూర్‌లో ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో కూర్చుని నేనొక యుద్ధాన్ని టైపు చేశాను. మూడు వందల ఏళ్ల కిందట అమెరికా తూర్పు తీరంలో, మంచు కురిసే అడవుల్లో, వలస వచ్చిన ఇంగ్లీషువాళ్లకూ అంతకుముందు నుంచే అక్కడ ఉన్న వాబనాకీ జనానికీ మధ్య జరిగిన యుద్ధం. కింద నుంచి యూరియా వాసన, గది నిండా కంప్యూటర్ల వేడి, కిటికీ బయట పసుపు బస్తాలు దింపుకునే లారీల గోల. చరిత్ర అంటే మీకంత ఇష్టం ఎందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఇష్టంతో మొదలుపెట్టలేదు, ఉద్యోగం దొరికితే చాలనుకుని మొదలుపెట్టాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అలాంటి సెంటర్లు మా వైపు పుట్టగొడుగుల్లా లేచాయి. అమెరికాలో ఎవరికో వాళ్ల పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలి. పుటల ఫొటోలు హైదరాబాదుకు వచ్చేవి, అక్కడి నుంచి చేతులు మారి మారి మా దగ్గరికి దిగేవి. తెర మీద ఎడమ పక్కన పుట బొమ్మ, కుడి పక్కన ఖాళీ. చూసింది చూసినట్టు కొట్టాలి.

మా సూపర్‌వైజర్ నిజామాబాద్ మనిషి. చేరిన రోజే గోడకు ఆనుకుని నిలబడి మా అందరికీ ఒకటే పాఠం చెప్పాడు.

“చదవకుండ్రి. చదివినోళ్లే తప్పులు జేస్తరు. అక్షరం చూసుడు, కొట్టుడు, గంతే.”

ఆయన మాటలో నిజం ఉంది. ఒకే పుటను ఇద్దరికి ఇచ్చేవారు, ఒకరు కొట్టింది మరొకరికి కనపడదు. తర్వాత కంప్యూటర్ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేది. రెండూ కలిస్తే పుట సరి, కలవనిచోట ఎర్రగీత. పాతకాలపు ఇంగ్లీషులో అక్షరాలు వంకరగా ఉంటాయి. అర్థం తెలిసినవాడు తనకు తెలియకుండానే వాటిని సరిచేస్తాడు, గీత పడుతుంది. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చదివినదాన్ని కాబట్టి మొదట్లో నా పుటల్లో ఎర్రగీతలే ఉండేవి కావు. నా జీవితంలో ఇంగ్లీషు రాకపోవడం వల్ల మెప్పు పొందింది అక్కడే.

నాకు జోడీగా పడింది పక్క కుర్చీలో ఉండే అక్క. ఊరు ముప్కాల్, భర్త మస్కట్‌లో. వేళ్లు కుట్టుమిషన్‌లా నడిచేవి, మనసు మాత్రం సాయంత్రం బస్సు దొరుకుతుందా లేదా అన్నదాని మీదే ఉండేది. ఆమె ఒక పుట, నేను అదే పుట.

ఆ పుస్తకంలో ‘ఇండియన్లు’ అని తరచూ వచ్చేది. మొదటి వారం మేమిద్దరం మనవాళ్లే ఎప్పుడో అక్కడికి పోయి కొట్లాడారని అనుకున్నాం. “గల్ఫ్‌కు పోయినట్టు పోయిండ్రేమో,” అంది అక్క. కాదు, ఆ వాబనాకీలనే అలా పిలుస్తారని తెలిశాక ఆమె ఆ ఊసే మరిచిపోయింది. నేను కూడా మరిచిపోయేదాన్నే, ఆ పడవ పుట నా వంతుకు రాకపోయి ఉంటే.

ఒక నది. చిన్న పడవలో ఒక వాబనాకీ తల్లి, ఒళ్లో పసిబిడ్డ. ఆమె భర్త వాళ్ల పెద్దమనిషి. ఇంగ్లీషు నావికులు కొందరికి ఒక సరదా పుట్టింది. ఈ జనం పిల్లలు జంతువుల పిల్లల్లాగా పుట్టుకతోనే ఈదుతారట, నిజమో కాదో చూద్దామనుకుని పడవను బోల్తా కొట్టించారు. బిడ్డ మునిగింది. తల్లి దూకి పైకి తెచ్చుకుంది. కొన్నాళ్లకు ఆ బిడ్డ చనిపోయింది. ఆ తండ్రి అప్పటిదాకా ఇంగ్లీషువాళ్లతో స్నేహంగా ఉన్నవాడేనట, ఆ తర్వాత ఆయుధం పట్టాడు. రాసినాయన ఈ సంగతిని ఏదో జనం అనుకునే మాట అన్నట్టు రెండు ముక్కల్లో తేల్చేసి ముందుకు పోయాడు. నేను పోలేకపోయాను. సగం అర్థమై సగం కాక, ఇంటికి పోతూ బస్టాండ్ దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర డిక్షనరీ కొన్నాను. ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను, ఎర్రగీతలూ మొదలయ్యాయి.

అందులో ఉన్న యుద్ధం సినిమాల్లో చూపించేలాంటిది కాదు. ఒకరోజు ఒక ఊరు తగలబడుతుంది, ఏడాది తర్వాత ఇంకొకటి. మధ్యలో ఒప్పందాలు. వాబనాకీలు తెల్లవారకముందే వచ్చి ఇళ్లు తగలబెట్టి, ఆడవాళ్లను పిల్లలను అడవుల గుండా నడిపించి, కెనడాలో ఉన్న ఫ్రెంచివాళ్ల దగ్గరికి తీసుకుపోయేవారు. దారిలో నడవలేనివాళ్లను చంపేసేవారు. కానీ ఒకటి గమనించాను. చనిపోయిన ఇంగ్లీషువాళ్లకు పేర్లున్నాయి, వాళ్ల పెళ్లాలకూ పిల్లలకూ పేర్లున్నాయి. చనిపోయిన వాబనాకీలకు అంకె మాత్రమే ఉంది. వాళ్ల నెత్తి చర్మం కోసుకొస్తే సర్కారు ఇనాం ఇచ్చేది, ఆడవాళ్లదీ పిల్లలదీ అయినా సరే. ఉత్తుత్తి యుద్ధం ఆడదాం రండి అని స్నేహంగా పిలిచి, చుట్టుముట్టి పట్టుకుని, దూరదేశాలకు బానిసలుగా అమ్మేసిన సంగతి కూడా ఉంది. అది చేసినాయనను మాత్రం రచయిత తెలివైనవాడన్నాడు.

కొట్లాట ఎందుకు వచ్చిందో వెతుక్కుంటూ చదివాను. కారణాలు మా ఊళ్లో పంచాయతీల్లాగే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ల పశువులు వీళ్ల మొక్కజొన్న చేలల్లో, మా మాటలో మక్కచేలల్లో, పడి మేస్తాయి. నదికి అడ్డంగా వలలు కట్టి చేపలు పైకి రానివ్వరు. ఉండనిస్తే చాలని వచ్చినవాళ్లు, భూమి కొన్నామంటారు. ఇచ్చినవాళ్లేమో, మీరూ ఉండండి మేమూ ఉంటాం అన్నామే గానీ అమ్మలేదంటారు. ఇవన్నీ అయ్యాక ఒక ఒప్పందం కుదిరింది. వెళ్లగొట్టిన ఇంగ్లీషువాళ్లు తిరిగి వచ్చి తమ ఇళ్లలో ఉండవచ్చు. కానీ ఒక్కో ఇల్లు ఏటా ఒక కొలత మక్కలు వాబనాకీలకు ఇవ్వాలి.

ఆ వాక్యం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. ఏటా మక్కలు తీసుకునే ఇల్లు మాది కూడా.

మా ముత్తాత మా ఊరికి నీరడి. చెరువు తూము తిప్పి ఎవరి మడికి ఎంత నీళ్లో పంచడం ఆయన పని. ఆ పనికి ఊరు ఇచ్చిన ఇనాం, వాగు ఒడ్డున ఉన్న మెట్ట చెలక. ఒక కరువు ఏడాది ఎడ్లు చచ్చిపోయి చెలక బీడు పడింది. అప్పటి పటేల్, నేను దున్నుకుంటానన్నాడు. సరే అన్నాడు ముత్తాత. ఒక మాట మీద సరే అన్నాడు. ఆ చెలకలో ఏటా మొదట విరిచిన మక్కలు మా ఇంటికి రావాలి. పటేల్ స్వయంగా వచ్చి, నిలబడి పోయాలి. నీరడి మంచం మీద కూర్చుని ఉండాలి. కాగితం లేదు, ఆ రోజుల్లో మావాళ్లకు కాగితం ఎవరిచ్చారు గనక. బోర్లు, కాలువలు వచ్చాక నీరడి అవసరం ఊరికి తీరిపోయింది. చెలక మెల్లగా పటేళ్ల పేరు మీదికి పోయింది. మక్కలు పోయడం మాత్రం ఆగలేదు.

మా తాత మిగతా ఏడాదంతా పటేల్ దూరంగా కనపడితేనే మంచం దిగేవాడు, చెప్పులు చేతిలోకి వచ్చేవి. చిన్నప్పుడు అది చూస్తే నాకు సిగ్గేసేది, కోపం వచ్చేది. కానీ బతుకమ్మ పండక్కి కొంచెం ముందు వచ్చే ఆ ఒక్క రోజు వేరు. తాత పొద్దున్నే తలస్నానం చేసి ఉతికిన ధోవతి కట్టేవాడు. నేను వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లేదాన్ని. నులక మంచం వాకిట్లో వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. బండి వచ్చి ఆగేది. పెద్దపటేల్ ఒక గంప తానే ఎత్తి కంకులు మంచం ముందు పోసేవాడు, మిగతావి జీతగాళ్లు పోసేవారు. ఒక్క మాట ఉండేది కాదు. ఆయన నిలబడే ఉండేవాడు, తాత కూర్చునే ఉండేవాడు. పటేల్ పోయాక కూడా తాత కాసేపు అలాగే కూర్చునేవాడు.

“భూమి మనదే బిడ్డా,” అనేవాడు నాతో. “ఆళ్లు దున్నుకుంటున్నరు, మనం కూసుంటున్నం. ఎన్నడన్న మనం నిలవడి తీసుకుంటే, గా రోజుతోని అయిపోయినట్టే.”

నేను ఆ ఒప్పందం పుట కొట్టిన ఎండాకాలంలోనే పెద్దపటేల్ చనిపోయాడు. కొడుకు చిన్నపటేల్ హైదరాబాద్‌లో చదువుకుని వచ్చినవాడు, అందరినీ నవ్వుతూ పలకరించేవాడు. చావుకు పోయి వచ్చినప్పటి నుంచి తాతకు ఒకటే రంధి. మక్కల కాలం వస్తే చిన్నపటేల్ వస్తాడా, నిలబడి పోస్తాడా. మా నాన్న, అదే బాపు, దుబాయ్ నుంచి ఫోన్ చేసినా తాత అడిగేది అదే. “గిప్పుడు గవన్ని ఎందుకే,” అని బాపు విసుక్కునేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“అవు బిడ్డా, పొద్దుగాల్ల పోయి గా డబ్బ ముంగట కూసోని ఏం కొడుతవ్ నువ్వు?”

“లడాయి కొడుతున్న తాతా,” అని నవ్వి, మొత్తం చెప్పాను. అడవులు, నదులు, పడవ, పసిబిడ్డ. బిడ్డ సంగతి వింటూ మంచం మీద వెనక్కి వాలాడు. మక్కల కొలత సంగతి చెప్పగానే లేచి కూర్చున్నాడు.

“ఇంటింటికి కొలత పోసిండ్రా? గా ఇంగ్లీషోళ్లు?”

“పోయాలని ఒప్పందమైంది.”

“ఇంటికొచ్చి పోస్తుండెనా, లేకుంటే వీళ్లనే రమ్మంటుండెనా?”

పుస్తకంలో ఆ సంగతి లేదని చెప్పాను. ఆ షరతు ఇంగ్లీషువాళ్లకు నామోషీ అని మాత్రం రచయిత రాశాడు.

“అసలుదే రాయలేదాయె,” అన్నాడు తాత. “నామోషీ అన్నడు గదా, అయితే ఇంటికొచ్చే పోసుంటరు. బిచ్చమేసుడు ఎవలికి నామోషీ గాదు.”

తర్వాత ఏమైందని అడిగాడు. నాకు తెలియదు. పుటలు మాకు వరసగా వచ్చేవి కావు, ఈ వారం నడిమివి, వచ్చే వారం మొదటివి. చివరి భాగం ఎవరి వంతుకు పోయిందో కూడా తెలియదు. ఆ రోజు నుంచి నేను ఇంట్లో అడుగు పెట్టగానే తాత అడిగే మాట ఒక్కటే. “వచ్చినాయే గా పుటలు?”

మక్కలు విరిచే రోజులు వచ్చాయి. మా అమ్మ ఆ చెలకలోనే కూలికి పోతుంది. పసుపు సాళ్ల మధ్య మక్కలు విరవడం, ఎండాకాలంలో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, అన్నీ పటేళ్ల దగ్గరే. అమ్మ సాయంత్రం వచ్చి కంకులు విరిచినట్టే ముక్కలు ముక్కలుగా చెప్పింది.

“మామా, చిన్నపటేల్ మాటన్నడు. ముసలాయనను కల్లం కాడికి రమ్మను, ఇన్ని మక్కలు పోస్త అన్నడు.”

తాత ముఖం చూడలేకపోయాను. “రమ్మన్నడా?” అన్నాడు.

“ట్రాక్టర్ ఖాళీగ లేదంట. నేనే కొంగుల పట్టుకొస్త తియ్. మక్కలు మక్కలే గదా.”

“ఇంటికొస్తే హక్కు. నీ కొంగుల వడితే బిచ్చం.”

“మరి పనికి రావద్దంటే? రేపు పసుపు తవ్వనీకి ఎవల దగ్గరికి పోవాలె నేను?” అంది అమ్మ. ఆమెదీ తప్పు కాదు. ఆమె చేతులు ఆ చెలక మీద బతుకుతున్నాయి, తాత ప్రాణం ఆ చెలక మీద ఉంది. నేను ఇద్దరి మధ్యా కూర్చుని అన్నం గెలికాను.

ఆ వారమే నాకు ఇంకొక కట్ట పుటలు వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు మక్కలు ఇవ్వడం ఆపేశారు. వాబనాకీల ఫిర్యాదులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మక్కలు ఇవ్వట్లేదు. వలలు తీయట్లేదు. పశువులు చేలల్లో పడుతున్నాయి. మా భూములను మీరు మీ రాజు పేరుతో ఇంకెవరికో రాసిచ్చేస్తున్నారు. ఇవి విన్నవాళ్లు లేరు, మళ్లీ యుద్ధం. ఆ పుటల్లో నావి అన్నీ ఎర్రగీతలే. “నీ వల్ల నా పుటలు గూడ వాపస్ వస్తున్నయి చెల్లే, ఏమైంది నీకు?” అని అక్క ముఖం మాడ్చుకుంది. సూపర్‌వైజర్ నా వెనక నిలబడి, “చదువుతున్నవా?” అని అడిగాడు. దొంగతనం చేశావా అన్నట్టుంది ఆ అడగడం. అవునన్నాను. అప్పటికి నాకు భయం పోయింది.

తాతకు చెప్పాను. పోయడం ఆపాక లడాయి అయిందని.

“గెలిచిండ్రా?”

“మస్తు యేండ్లు కొట్లాడిండ్రు తాతా. ఇంగ్లీషోళ్ల ఊర్లకు ఊర్లు ఖాళీ అయినయి.”

“గెలిచిండ్రా అంటున్న.”

“చివరి పుటలు ఇంక రాలేదు.”

తాత కాళ్లు చాపుకుని పడుకున్నాడు. తర్వాత, మామూలుగా నీళ్లు అడిగినట్టు అడిగాడు. “రేపు ఆదివారమే గదా. నువ్వు మంచం ఒక కొన పడుతవా?”

ఆళ్లు మన ఇంటికి రాకపోతే మన ఇల్లే ఆళ్ల కల్లానికి పోతుంది, అదీ ఆయన ఆలోచన. ఊరు వదిలి బయటికి ఎన్నడూ పోని మా తాత ఆ వయసులో పన్నిన యుద్ధం అది. తుపాకీ లేదు, నిప్పు లేదు, ఒక నులక మంచం. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తెల్లవారి చర్చికి పోలేదు. తాత తలస్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. మంచం ఒక కొన నేను, ఇంకో కొన ఆయన పట్టుకుని దారి పొడుగునా ఆగుతూ ఆగుతూ పోయాం. ఆటోల్లో దొంకేశ్వర్ వైపు పోయే జనం తల బయట పెట్టి చూశారు. దవాఖానకు ఎవరినైనా మోసుకుపోతున్నామేమోనని ఒకడు ఆటో ఆపాడు కూడా.

కల్లంలో మక్కలు ఎండకు ఆరబోసి ఉన్నాయి. అమ్మ, ఇంకొందరు కూలోళ్లు కంకులు తిరగేస్తున్నారు. మమ్మల్ని చూసి అమ్మ చేతిలోని పార అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తాత మంచం కల్లం నడుమ వేయించి కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. అచ్చం మా వాకిట్లో కూర్చున్నట్టే.

చిన్నపటేల్ మోటార్‌సైకిల్ దిగి వచ్చాడు. కోప్పడతాడని అనుకున్నాను. తిడితే బాగుండేది, ఈరోజుకీ అనుకుంటాను. తిట్టలేదు, నవ్వాడు.

“ఏంది తాతా గిది? మంచం మోసుకొని రావాల్నా? ఒక్క మాట చెప్తే నేనే పంపిస్తుంటి గదా.”

అప్పటిదాకా పటేళ్ల ఇంట్లో ఎవరూ మా తాతను తాతా అని పిలవలేదు.

“నిలవడి పొయ్యి, పటేలా,” అన్నాడు తాత. గొంతు గట్టిగానే ఉంది. “మీ నాయిన గట్లనే పోసేటోడు.”

కూలోళ్లు పని ఆపేశారు. చిన్నపటేల్ చుట్టూ ఒకసారి చూశాడు. అతనికి అంతా అర్థమైంది. చదువుకున్నవాడు, తండ్రి చేసిన పని ఎందుకు చేశాడో తెలియనివాడు కాదు. నవ్వు చెరగకుండా మంచం దగ్గరికి వచ్చాడు.

“గా కాలం పోయింది తాతా. ఇప్పుడు నిలవడేటోడు లేడు, కూసునేటోడు లేడు. అందరం ఒక్కటే.”

అని, మంచం మీద తాత పక్కన కూర్చున్నాడు. తాత భుజం మీద చెయ్యి వేశాడు.

మంచం నులక కిందికి దిగింది. తాత లేచి నిలబడ్డాడు. ఆలోచించి లేవలేదు. పటేల్ కూర్చున్న మంచం మీద కూర్చోవడం ఆ ఒంటికి తెలియదు, ఒళ్లే లేచింది. ఏడాదిలో ఒక్క రోజు లేవని మనిషి, ఆ ఒక్క రోజునే లేచాడు. కిందికి చూసుకుంటే చెప్పులు అప్పటికే చేతిలో ఉన్నాయి.

“తాతకు రెండు బస్తాలు నింపుండ్రి,” అన్నాడు చిన్నపటేల్, మంచం మీద కూర్చునే. కూలోళ్లలో ఒకామె కళ్లు తుడుచుకుంది. “ఎంత మంచోడే, మాలోళ్ల మంచం మీద కూసుండె,” అంది.

నేను ఊరుకోలేకపోయాను. “అందరం ఒక్కటే అయితే చెలక గూడ అందరిదా?” అన్నాను. అమ్మ వచ్చి నా చెయ్యి గట్టిగా నొక్కింది. చిన్నపటేల్ నా వైపు తిరిగి ఇంకా బాగా నవ్వాడు.

“చదువుకున్న పిల్ల, మంచిగ మాట్లాడుతది. ఏడ నౌకరి జేస్తున్నవమ్మా?”

సాయంత్రానికి ట్రాక్టర్ ఖాళీ దొరికింది. రెండు బస్తాలు మా ఇంటి ముందు దింపి పోయారు. ఇదివరకెప్పుడూ అన్ని మక్కలు రాలేదు. మంచం కూడా అందులోనే తెచ్చారు. తాత దాన్ని వాకిట్లోకి రానివ్వలేదు. “గది మనది గాదు, వాపస్ కొండవోండ్రి,” అన్నాడు. ట్రాక్టర్ వాడికి ఏమీ అర్థంకాక దాన్ని తిరిగి తీసుకుపోయి కల్లంలోనే పడేశాడు. ఎండకు ఎండి వానకు నాని, ఆ మంచం నులక ఊడి కట్టెలు మిగిలేదాకా అక్కడే ఉంది.

మక్కలు మేమే తిన్నాం. తినకుండా ఏం చేస్తాం. అమ్మ మక్కరవ్వతో గటక వండింది, తాత కూడా తిన్నాడు. ఆయన పంతం మంచం వరకే.

చలికాలంలో చివరి పుటలు వచ్చాయి. ఇంగ్లీషువాళ్ల ఊళ్లు పెరిగాయి, నదుల వెంట పైపైకి పోయాయి, వాబనాకీలు తగ్గిపోయారు. ఒకప్పుడు ఇక్కడ ఉండిన జనం అన్నట్టు, జాలిగా, చక్కగా ముగించాడు రచయిత. చివరి పుట కొట్టేటప్పుడు నేను చదవడం మానేశాను. అక్షరం చూశాను, కొట్టాను. అక్క పుట, నా పుట పక్కపక్కన పెడితే ఒక్క ఎర్రగీత లేదు. “గిట్ల గదా కొట్టాలె,” అని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. “ఏముండె చెల్లే గా పుస్తకంల?” అని అక్క అడిగింది. ఇద్దరం ఒకే యుద్ధాన్ని పుట పుటా కొట్టాం. ఆమెకు వేళ్లు నొప్పి పుట్టాయి, అంతే.

ఇంట్లో తాత గోడకు ఆనుకుని చాప మీద ఉన్నాడు. చివరి పుటలు వచ్చాయని చెప్పాను.

“ఉన్నరా మరి ఆళ్లు? గిప్పుడు?”

“లేరంట తాతా.”

“రాసిందెవలు?”

“ఇంగ్లీషోళ్లే.”

“ఊఁ,” అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చనిపోయేదాకా మా తాత మంచం ఎక్కలేదు. బాపు దుబాయ్ నుంచి వచ్చినప్పుడు కొత్త మంచం కొన్నాడు, దాని మీద బట్టలు పెట్టుకునేవాళ్లం.

ఆ పుస్తకం అబద్ధం చెప్పింది. వాళ్లు ఉన్నారు. అదే తీరంలో, అవే నదుల పక్కన ఉన్నారు. తమ భాష పిల్లలకు నేర్పుకుంటున్నారు, నది మాది అని కోర్టుల్లో కొట్లాడుతున్నారు. చాలా ఏళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో చూసి నాకు తెలిసింది. ఆ రోజు నేను పట్టలేనంత కోపంతో ఏడ్చాను. ఉన్నారు తాతా అని చెప్పడానికి తాత లేడు. ఒక మనిషి చివరి రోజుల్లో అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు, నేను నా వేళ్లతో కొట్టిన పుస్తకం తప్పు జవాబు ఇచ్చింది.

చెలక ఇప్పుడు లేదు. ప్లాట్లయింది, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు రంగురంగుల ఇళ్లు కట్టుకున్నారు. పటేల్ వాళ్లు తర్వాత మక్కలు పంపలేదు, చెలకే లేనప్పుడు మక్కలెక్కడివి. కానీ చిన్నపటేల్ మంచితనం గురించి మా ఊళ్లో ఎవరు మొదలుపెట్టినా ముందు చెప్పేది ఆ కల్లం కథే. నీరడోళ్ల ముసలాయన మంచం మీద పటేల్ కూర్చున్నాడట, భుజం మీద చెయ్యి వేశాడట, రెండు బస్తాలు ఇచ్చాడట. అందరూ ఒకేలా చెబుతారు, ఒక్క అక్షరం తేడా రాదు.

ఒక పుటను ఇద్దరు కొడితేనే సరి చూడటం కుదురుతుందని ఆ ఎరువుల దుకాణం మీద నేర్చుకున్నాను. ఈ పుటను ఇన్నేళ్లూ వాళ్లే కొట్టారు. ఇది నేను కొట్టింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, మా తాత లేచి నిలబడిన చోట ఎర్రగీత పడుతుంది.